నేను మింగిన సగం మాట

మొన్న కోరుట్లలో మా అమ్మాయి ఇంటికి పోయినప్పుడు, సముద్రపు అలల మీద లేస్తూ పడుతూ కరెంటు పుట్టించే ఒక పసుపుపచ్చ డబ్బాను తన ఫోనులో చూపించి, గల్ఫ్‌లో నువ్వు చేసిన పని ఇదేనా బాపూ అని అడిగింది. అవునన్నాను. ఇంటికి తిరిగొచ్చి ఈ కాగితం రాయడానికి కూర్చున్నాను.

మా తరం వాళ్ళకు చెప్పనక్కరలేదు. సిరిసిల్లలో సాంచాలు, అదే మరమగ్గాలు, ఆగిపోయి, నేసేవాళ్ళు దిక్కుకొకరుగా పోతున్న కాలమది. కార్ఖానాలో హిందీ, బడిలో కొంచెం ఇంగ్లీషు అబ్బిన నేను గల్ఫ్ దారి పట్టి, ఏడాదికి మా అక్క భర్తను కూడా పిలిపించుకున్నాను. బావది బీర్పూర్. వరుస కరువులకు తాటిచెట్లు ఎండి, కల్లుగీత మీద ఇల్లు గడవక వచ్చాడు. తెలుగు తప్ప మరో భాష రాదు. అక్కడ ఆయన చెవీ నోరూ నేనే.

అలాంటి డబ్బానొకదాన్ని తీరానికి దూరంగా నిలిపి, అది ఎంత కరెంటు ఇస్తుందో, అలలకు ఎన్నాళ్ళు ఓర్చుకుంటుందో చూడాలని మేము పనిచేసే కంపెనీ అనుకుంది. సముద్రం అడుగున లంగరు వేసిన గొలుసుకు డబ్బా తాడును ఇనుప కడియంతో కలిపి, దాన్ని మూసే మరమేకు దానంతటది తిరిగి ఊడిపోకుండా సన్నని తీగ చుట్టడం నా పని, తాడు అందించడం బావ పని. ఆ రోజు పడవ ఊగిన ఊపుకు నా కడుపులో ఉన్నదంతా బయటికొచ్చింది. మేస్త్రీ తొందరపెడుతున్నాడు. మేకు బిగించి, తీగ చుట్టకుండానే అయిందనిపించాను.

కడియాన్ని నీళ్ళలోకి దించబోయే ముందు బావ దాని మీదికి చెయ్యి చాచాడు. గీసేవాళ్ళ పద్ధతి అది. చెట్టెక్కే మోకును కన్నతండ్రే కట్టినా సరే, కొస నుంచి కొసదాకా తన చేత్తో తడిమి చూసుకోనిదే చెట్టుకు కాలు ఆనించరు. మేస్త్రీ నవ్వుతాడేమోనని, అంతకన్నా నా పని బయటపడుతుందేమోనని, "గిది తాటిచెట్టా బావా, జరుగు," అన్నాను.

"చెట్టయితె నేనొక్కన్నే పడుత బామ్మర్దీ," అని నవ్వి జరిగాడు.

నాలుగో రోజు గాలి లేచింది. డబ్బా విడిపోయి, కొట్టుకుపోయి, రాళ్ళకు తగిలి పగిలింది. పైకి తీసిన గొలుసు చివర కడియానికి మేకు లేదు. ఇంజనీరు మా ఇద్దరినీ పిలిచి, తప్పెవరిదని అడిగాడు. నేను అదే మాట బావను తెలుగులో అడిగాను.

"నువ్వు జరుగుమంటె జరిగిన గద, చెయ్యి పెట్టి చూడలే. చూడకపోవుడు నా తప్పే అని చెప్పు."

అందులో ఉన్నవి రెండు మాటలు. మొదటిది మింగేసి, రెండోదాన్నే ఇంజనీరుకు చేరవేశాను, తప్పు తనదేనంటున్నాడని.

వారం తిరక్కుండా బావను ఇంటికి పంపేశారు. కల్లు గీసే మనిషి కదా, తాగి పని చెడగొట్టి ఉంటాడని పెగడపల్లి నుంచి గంభీరావుపేట దాకా మా చుట్టాలందరూ అనుకున్నారు. అక్కడ ఆయన చుక్క ముట్టలేదని తెలిసిన వాణ్ణి నేనొక్కణ్ణే. సెలవుకు వచ్చినప్పుడు ఎవరైనా అడిగితే మాట తప్పించేవాణ్ణి. బావ మాత్రం ఈనాటికీ పదిమందిలో, "మా బామ్మర్ది నా కోసం ఆ ఇంజనీరుతోని మస్తు మాట్లాడిండు, నా నసీబే బాగలేకుండె," అంటాడు. ఆ మాటకు అక్క నా కంచంలో ఇంకో ముద్ద వేస్తుంది.

ఇప్పుడు గల్ఫ్ పోయే పిల్లలు ఫోనులో తెలుగులో చెబితే అదే ఎదుటివాడి భాషలో పలుకుతుంది, మధ్యలో మనిషి అక్కరలేదు. మా కాలంలో ఒకరి బతుకు ఇంకొకరి నాలుక మీద ఉండేది. దాన్ని చుట్టరికం అనుకునేవాళ్ళం.

బావకు చదువు రాదు. ఇది చూపిస్తే, నువ్వే చదువు బామ్మర్దీ అంటాడు. అందుకే ఈ కాగితం ఆయన కూతురైన మా మేనకోడలి చేతికిస్తున్నాను, ఒక్క మాటా వదలకుండా చదివి వినిపించమని.