ఒక్కపొద్దునాడు నమిలిన బియ్యం

నా చిన్నప్పుడు నాకొక పాడు అలవాటు ఉండేది. కనిపించిన ప్రతిదాన్నీ నోట్లో వేసుకుని చూసేదాన్ని. బలపం, చింతగింజ, కొత్త పుస్తకం అట్ట మూల, వాన పడ్డాక గోడ మీది సున్నం, ఏదీ వదల్లేదు. అమ్మ తిట్టేది. నాయనమ్మ నెత్తిన మొట్టికాయ వేసేది. మా తాతయ్య మాత్రం "ఎట్లున్నది?" అని అడిగేవాడు. అడిగి ఊరుకోకుండా, నేను చెప్పేదాకా ఆగి శ్రద్ధగా వినేవాడు. సున్నం రుచి ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకున్న పెద్దమనిషిని నేను ఆయన తర్వాత మళ్లీ చూడలేదు.

చిక్కడపల్లిలో ఒక గల్లీ చివర మా ఇల్లు. గల్లీ మొదట్లో సర్కారు వాళ్లిచ్చిన ఒక గది ఉండేది. దాన్ని అందరం పేపర్ల గది అనేవాళ్లం. రెండు బెంచీలు, ఒక మేజాబల్ల, నాలుగు దినపత్రికలు, గోడకు బిగించిన చెక్కపెట్టెలో ఒక రేడియో. సాయంత్రం వార్తల వేళకు నారాయణగూడ నుంచి కూడా మనుషులు నడిచి వచ్చేవాళ్లు. గదిని చూసుకోవడానికి గల్లీ పెద్దలు నలుగురైదుగురు ఒక కమిటీగా ఏర్పడ్డారు. నారాయణగూడలో బట్టల దుకాణమున్న ఆయన అధ్యక్షుడు, మా తాతయ్య కార్యదర్శి. మీటింగులో ఎవరేమన్నారో పుస్తకంలో రాసి, అందరి చేత సంతకాలు పెట్టించడం తాతయ్య పని. ఆ గది తాళానికి మూడు చెవులు. ఒకటి తాతయ్య దగ్గర, ఒకటి పేపర్లు సర్దే గుమస్తా దగ్గర, ఒకటి గది ఊడ్చే అక్క దగ్గర ఉండేవి.

ఆ అక్కది పాలమూరు దిక్కు. వానల్లేక ఊరు విడిచి వచ్చారు. అశోక్‌నగర్‌లో అప్పుడప్పుడే లేస్తున్న ఇళ్ల దగ్గర ఆమె భర్త ఇటుకలు మోసేవాడు. అక్క పొద్దున్నే గది ఊడ్చి, ఆ తర్వాత నాలుగిళ్లలో గిన్నెలు తోమేది. ఆ నాలుగిళ్లలో మాదీ ఒకటి. చంకలో ఎప్పుడూ ఏడాది పిల్ల ఉండేది. ఆ పిల్ల కూడా నాలాగే దొరికిందల్లా నోట్లో పెట్టుకునేది కాబట్టి నాకు దానిమీద ప్రత్యేకమైన అభిమానం.

ఒకరోజు పొద్దున చూస్తే రేడియో లేదు. తాళం పగల్లేదు, తలుపు విరగలేదు. తాళంచెవి ఉన్నవాళ్లే తీసుండాలని అందరూ అనుకున్నారు. పోలీసుల దగ్గరికి పోతే గదికి చెడ్డపేరని అధ్యక్షుడుగారు ఒప్పుకోలేదు. వాళ్లింట్లో తాతల కాలం నుంచి ఒక పద్ధతి ఉందట. ఏదైనా పోతే పిడికెడు బియ్యం దేవుడి ముందు పెట్టి తెచ్చి, అనుమానమున్న వాళ్ల చేత నమిలించి ఆకులో ఉమ్మించేవారట. బియ్యం తడిస్తే మనిషి నిజాయితీపరుడు, పొడిగా రాలితే దొంగ. దేవుడే తేలుస్తాడు, ఎవరినీ నిందించిన పాపం మనకుండదు అన్నాడాయన. వినడానికి ఎంతో మర్యాదగా ఉంది. ఎవరూ కాదనలేదు.

మా తాతయ్య కూడా కాదనలేదు. ఆయన నాకెంత ఇష్టమైనా ఈ మాట దాచను. రోజూ పొద్దున గంటసేపు పూజ చేసే మనిషి. దేవుడి పేరు మీద వచ్చిన మాటకు అడ్డు చెప్పాలని ఆయనకు తోచలేదో, తోచినా పెద్దమనిషితో తగువెందుకని ఊరుకున్నాడో నాకు తెలియదు. శనివారం సాయంత్రం బియ్యం పరీక్ష, అందరికీ సమ్మతమే అని పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు.

ఆ పరీక్ష సంగతి విని అందరికంటే సంతోషించింది అక్క. మా పెరట్లో గిన్నెలు తోముతూ అమ్మతో అన్నది నాకింకా గుర్తుంది. "మనుషులడిగితే నన్నెవరు నమ్ముతరమ్మా. గిప్పుడు దేవుడే అడుగుతుండు. నాకేం ఫికరు లేదు." దొంగ అన్న పేరు పడితే ఈ నాలుగిళ్లూ పోతాయి. ఆమె భర్తను పనికి పెట్టుకున్న మేస్త్రీ కూడా వెళ్లగొడతాడు. ఎండిపోయిన ఊరికి తిరిగి పోవడం తప్ప వేరే దారి ఉండదు. అందుకే ఆమె మనుషులను వదిలి దేవుణ్ని పట్టుకుంది.

బియ్యంతో దొంగను పట్టడం అన్నమాట నా చెవిన పడ్డాక నేనెందుకు ఊరుకుంటాను? శుక్రవారం మధ్యాహ్నం వంటింట్లోకి దూరి, డబ్బాలోంచి గుప్పెడు బియ్యం తీసి నమిలాను. చక్కగా తడిసి ముద్దయ్యాయి. మరో గుప్పెడు నోట్లో పోసుకుంటుండగా వెనక నుంచి అమ్మ గట్టిగా అరిచింది. నాకు గుండె ఆగినంత పనైంది. ఆ గుప్పెడు ఎంత నమిలినా తడవలేదు, పొడిపొడిగా అంగిట్లో అతుక్కుపోయింది.

సాయంత్రం ఈ వింత తాతయ్యకు చెప్పాను. ఎప్పటిలాగే ఎట్లున్నదని అడిగాడు. ఇసుక తిన్నట్టుందన్నాను. "మరి నేను రేడియో తియ్యలే కద తాతా?" అని కూడా అడిగాను. తాతయ్య కళ్లజోడు తీసి, పంచె అంచుతో చాలాసేపు తుడిచాడు.

శనివారం అయిదు గంటలకే గది నిండిపోయింది. వార్తలకు వచ్చేవాళ్లకంటే ఎక్కువమంది వచ్చారు. నేను తాతయ్య పక్కన, బెంచీ కింద నేల మీద కూర్చున్నాను. ముందు గుమస్తాను పిలిచారు. ఆయన పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా పాన్ నములుతూనే ఉండేవాడు. దేవుడి బియ్యం కాబట్టి నోరు పుక్కిలించి రమ్మన్నారు. పుక్కిలించినా, ఏళ్ల తరబడి పాన్‌తో ఊరిన నోరు ఒక్కసారికి ఎండిపోతుందా? బియ్యం గులాబీ రంగు ముద్దయి ఆకులో పడింది. అందరూ మెచ్చుకోలుగా తలలూపారు.

తర్వాత అక్క వచ్చింది. పిల్లను నా ఒళ్లో పెట్టి, దండం పెట్టి, కళ్లు మూసుకుని బియ్యం నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది. ఆకు మీదికి వంగితే తెల్లటి పిండి రాలింది.

అక్క ముఖంలో కోపం వస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఆ పిండినే చూస్తూ, తాను చేసిన తప్పేమిటా అని తనలో తానే వెతుక్కోవడం మొదలుపెట్టింది. అది చూసి నాకు చాలా భయమేసింది. కాసేపటికి చిన్న గొంతుతో, "పాత పేపర్లు తీస్కపోయిన సారూ," అంది. "పిల్ల కింద పరుస్తందుకు. రెండు మూడు సార్లు. ఎవర్నడగలే. దేవుడు గదే సూపిస్తుండు గావచ్చు."

ఒప్పుకుంది, ఒప్పుకుంది అని వెనక బెంచీలో గొణుగుడు మొదలైంది. చిత్తుకాగితాలకు, రేడియోకు తేడా ఒక్క నిమిషంలో చెరిగిపోయింది. దొంగ దొరికిందనీ, పనిలోంచి తీసేస్తున్నామనీ రాయమని అధ్యక్షుడుగారు తాతయ్యకు చెప్పాడు.

తాతయ్య కలానికి మూత పెట్టాడు. లేచి నిలబడి, మూడో తాళంచెవి తన దగ్గరుందనీ, తననెవరూ అడగలేదనీ, తనకూ బియ్యం ఇవ్వాలనీ అన్నాడు. అయ్యో మీరెందుకని నలుగురూ ఇబ్బందిపడ్డారు. ఆయన వినలేదు. అంతలో దగ్గు వచ్చినట్టు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కింద కూర్చున్నదాన్ని కాబట్టి నాకు కనబడింది. కండువా కొస వేలికి చుట్టి, నాలుకా బుగ్గలూ గబగబా తుడుచుకున్నాడు. ఆ తర్వాత బియ్యం నమిలి ఆకులో ఉమ్మాడు. అదీ తెల్లటి పిండే. రెండాకులూ పక్కపక్కన పెట్టి అధ్యక్షుడుగారి ముందుకు జరిపాడు.

"ఇద్దరం దొంగలమని రాస్తా. ముందుగాల మీరు సంతకం పెట్టాలె."

అధ్యక్షుడుగారు సంతకం పెట్టలేదు. బియ్యానికి మైల తగిలిందేమోనని ఒకరు, వేళ మంచిది కాదేమోనని ఒకరు అన్నారు. ఇదే మాట అయిదు నిమిషాల ముందు అక్క కోసం ఎవరికీ ఎందుకు తోచలేదో చూడండి. తాతయ్య మళ్లీ కూర్చుని, రాసింది పైకి చదువుతూ రాశాడు. రేడియో పోయింది, ఎవరు తీసింది తెలియదు, సోమవారం పోలీసులకు కాగితం ఇవ్వాలి అని. కమిటీ అన్నాక తెలియదని రాస్తే నలుగురిలో పరువేముంటుందని అధ్యక్షుడుగారు అడ్డం వచ్చాడు. తాతయ్య గొంతు పెంచకుండా జవాబిచ్చాడు. "తెల్వనప్పుడు తెల్వదనే రాయాలె. మనం తప్పు రాస్తే రేపు ఎవరన్న అడుగుతరు, దిద్దుకుంటం. దేవుడు చెప్పిండని రాస్తే ఇగ ఎవరడుగుతరు?"

అందరూ వెళ్లిపోయాక అక్క మిగిలింది. పిల్లను ఎత్తుకోకుండా తిన్నగా తాతయ్య ముందుకు వచ్చి నిలబడింది. "కండువతోని నోరు తుడుసుకున్నది నేను సూసిన సారూ. మీది అబద్ధం. మరి నాదెందుకు పొడిగున్నది? నేను తియ్యలే గదా."

నేనడిగిన ప్రశ్నే అది. తాతయ్య ఈసారి తప్పించుకోలేదు. పొద్దున్నుంచి ఏం తిన్నావని అడిగాడు. శనివారం కదా, ఒక్కపొద్దు ఉన్నానంది. దీపాలు పెట్టేదాకా మామూలుగా అన్నమే ముట్టదు. ఈ శనివారం నీళ్లు కూడా ముట్టలేదు, దేవుడు సంతోషపడి తన మాట నిలబెడతాడని. రోజంతా పాన్ నమిలినవాడు గెలిచాడు, దేవుణ్ని నమ్మి గొంతు తడుపుకోనిది దొంగయింది.

తాతయ్య నన్ను నీళ్లు తెమ్మన్నాడు. ఇంటికి పరుగెత్తి చెంబు తెచ్చాను. అప్పటికి వీధిలో దీపాలు వెలుగుతున్నాయి. అక్క వాకిట్లోకి వెళ్లి ఆకాశం చూసి దండం పెట్టుకుని, అప్పుడు తాగింది. తాతయ్య పళ్లెంలో మిగిలిన బియ్యం చూపించాడు. ఆమె తానే చిటికెడు తీసి నమిలి, అరచేతిలోకి ఉమ్మి, దీపం దగ్గరికి పోయి చూసుకుంది. బియ్యం మెత్తగా తడిసి ఉన్నాయి.

"గిదేనా?" అంది. ఆ తర్వాత ఏడ్చింది, మామూలుగా కాదు. "గిన్ని నీళ్లకు నన్ను దొంగను జేస్తిరి గదా సారూ."

తాతయ్య రెండు చేతులూ జోడించాడు. పుస్తకంలో ముందు సంతకం పెట్టింది తానేననీ, తప్పు తనదేననీ చెప్పాడు. పూజగదిలో తప్ప ఆయన చేతులు జోడించడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికి నడుస్తూ, దేవుణ్ని మోసం చేశావా తాతా అని అడిగాను. పొద్దున పూజ చేసి సాయంత్రం ఇలా చేయవచ్చా అని నా బెంగ. "దేవుణ్నెవరడిగిండ్రు బిడ్డా? బియ్యాన్ని అడిగిండ్రు. అది నా అబద్ధాన్ని గూడ నమ్మింది," అన్నాడు.

ఆ రేడియో దొరకలేదు. ఎవరు తీశారో ఈ రోజుకీ తెలియదు, ఆ తెలియకపోవడం వల్ల గల్లీకి ఏ నష్టమూ రాలేదు. అక్క మా ఇంట్లో గిన్నెలు తోముతూనే ఉంది, శనివారాలు ఒక్కపొద్దులు ఉంటూనే ఉంది. తాతయ్య పూజా ఆగలేదు. నేనూ ఇంట్లో రోజూ దీపం పెడతాను. కానీ ముప్పై ఏళ్ల సర్కారు ఉద్యోగంలో, ఆఫీసులో శుక్రవారం హారతి అయ్యేదాకా కాగితాలు పట్టుకుని వరండాలో నిలబడ్డ జనాన్ని చూసినప్పుడల్లా తోటివాళ్లతో తగువు పెట్టుకున్నాను. నాస్తికురాలన్నారు, పొగరన్నారు. అనుకోనీ. ఇంట్లో దేవుడు నన్ను ఓదార్చుతాడు, అంతవరకు బాగుంది. అందరి గదిలో, అందరి పుస్తకంలో, మనకు తెలియని చోట ఆయన పేరు రాసేస్తే మాత్రం ఆ బరువు ఎప్పుడూ ఎదురుచెప్పలేని మనిషి మీదే పడుతుంది. నేను ఇన్నేళ్లలో వేరే విధంగా జరగడం చూడలేదు.

ఇప్పుడు అశోక్‌నగర్‌లోనే ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. మొన్నీమధ్య మూడో అంతస్తులో ఎవరిదో గొలుసు కనబడలేదు. వాచ్‌మన్ భార్యను కింద పార్కింగులో నిలబెట్టి అసోసియేషన్ వాళ్లు అడగడం మొదలుపెట్టారు. ఆమె తియ్యలేదంది. అయితే గుడికి తీసుకుపోయి ప్రమాణం చేయిద్దాం, దేవుడే తేలుస్తాడు అన్నాడు చదువుకున్న ఒక కుర్రవాడు, ఎంతో మర్యాదగా. మోకాళ్ల నొప్పితోనే లేచాను. ఆ ఇంటి తాళంచెవులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో, ఆ ఇంటికి ఎవరెవరు వచ్చిపోతారో ముందు అందరి పేర్లూ రాయండి, నాది కూడా రాయండి అన్నాను. ఆ తర్వాత పైకి పోయి నీళ్ల సీసా, గ్లాసు తెచ్చాను.

ఆమె నిలబడే తాగింది. ఒక గ్లాసు, ఇంకొకటి, మళ్లీ ఇంకొకటి. మేమందరం కుర్చీల్లో కూర్చుని, ఇంత దాహంతో ఉన్న మనిషిని గంటసేపటి నుంచి ప్రశ్నలు అడుగుతున్నామని అప్పటిదాకా అక్కడ ఎవరికీ తోచలేదు. నాకు కూడా.