సుజిత గీసిన రెండో ముఖం

సౌదీలోని రాబిగ్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రి. ఆ ఉదయం రౌండ్స్‌లో డాక్టర్ అచ్యుతరావుగారు ఆరో మంచం పెద్దాయన ఈసీజీ కాగితం చదివారు, తల ఊపారు, అలవాటు కొద్దీ వెనక్కి తిప్పారు. వెనకవైపు పెన్సిల్‌తో గీసిన చెయ్యి ఉంది. దుప్పటి మీద వాలిన ముసలి చెయ్యి. డాక్టరుగారు దాన్నీ అంతే శ్రద్ధగా చదివారు.

"ఎడమ చెయ్యి వాచినట్టుందే. ఎవరూ రాయలేదేం?"

దగ్గరికెళ్లి చూస్తే నిజంగానే వాచింది. స్కానింగుకు రాశారు. ఆ తర్వాతే అడిగారు, "ఇంతకీ ఈ రిపోర్టు ఏ డిపార్ట్‌మెంటుది?" అని.

మందుల ట్రాలీ వెనక నర్సు సుజిత ఎంత చిన్నది కావచ్చో అంత చిన్నదై నిలబడింది.

డాక్టరుగారు తిట్టలేదు. "గీసుకో అమ్మాయ్, ఫైల్లో మాత్రం పెట్టకు" అని ఆ కాగితం ఇంటికి పట్టుకెళ్లి భార్య రాజ్యంగారికి చూపించారు. ఆవిడ ఊరుకునే మనిషి కాదు. పనికోసం వచ్చినవాళ్లు గీసిన బొమ్మలతో జెద్దాలో మూడు రోజుల ప్రదర్శన పెడుతున్నారని కనుక్కుని, సుజిత గీసిన చేతులన్నీ పంపించింది. పన్నెండు ఎంపికయ్యాయి. ఒక్కటే మెలిక. ఉద్యోగమిచ్చినవాళ్లు అభ్యంతరం లేదని రాసిచ్చే ఎన్ఓసీ లేనిదే బొమ్మల్ని గోడ ఎక్కనివ్వరు. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది నర్సింగ్ సూపరింటెండెంట్ మేరాజ్ బేగం.

మేరాజ్ బేగం హైదరాబాదు మనిషి. ఇరవై ఏళ్లుగా ఆ ఆసుపత్రిలో ఆవిడ దగ్గితే మూడు వార్డుల్లో దుప్పట్లు సరిగ్గా పరుచుకుంటాయి.

"అన్నీ చేతులే. మొహాలకేం రోగమొచ్చింది బేటీ?" అందావిడ బొమ్మలు తిరగేస్తూ.

"మొహాలు గీయను మేడం."

"గీస్తవు. నాది గియ్యి, సంతకం పెడత. గురువారం నా పిత్తాశయంల రాళ్లు తీస్తున్నరు. నేను బల్ల మీద పడుకుంటే, నా బదులు ఆ బొమ్మ జెద్దా పోయి నిలబడతది."

నా బదులు. ఆ మాట విన్నాక సుజిత చాచిన ఎన్ఓసీ కాగితం వెనక్కి తీసుకుంది.

ఎందుకో చెప్పాలంటే సముద్రం ఒడ్డున ఆమె ఊరు నిజాంపట్నం వెళ్లాలి. సుజితకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న యిర్మీయా ఎక్కిన పడవ వేటకెళ్లి తిరిగి రాలేదు. నాలుగు రోజులు వాళ్లమ్మ ఒడ్డునే కూర్చుంది. వస్తాడంది. ఇంట్లో నాన్న ఫొటో ఒక్కటీ లేదు. ఉన్న ఒక్క ఓటరు కార్డూ ఆయన జేబులోనే సముద్రం మీదికెళ్లింది. నాన్న ముఖం మర్చిపోతానేమోనని పిల్ల భయపడి, పొయ్యిలో బొగ్గు తీసి గోడ మీద గీసింది. ఆ వైపు మనుషుల ముఖం అంత పెద్దగా గోడకెక్కేది పోయాకే. ఇరుగుపొరుగమ్మలు చూశారు, ఎవరో గుమ్మంలోని బంతిపూల దండ తెచ్చి దానికి వేశారు. మర్నాడు పొద్దున్నే నాన్న శవమై ఒడ్డుకు కొట్టుకొచ్చాడు.

వాళ్లమ్మ ఆ గోడ ముందు కూలబడి ఒక్క మాటే అంది. "ముక్కు పెట్టలేదేమే? ఊపిరెట్టా పీలుస్తాడే?"

నిజమే. కళ్లూ మీసాలూ పెట్టి, ముక్కు మర్చిపోయింది.

తర్వాత మిషను హాస్టలు. గంజి, వరసలో స్నానాలు, బైబిలు అట్టలో దాచుకున్న బొగ్గుముక్క. గోడ మీద గీసినందుకు గోడ కడిగించారు. మళ్లీ గీసింది, మళ్లీ కడిగింది. గీసినవన్నీ చేతులే. నర్సింగు చదివింది, సౌదీ వచ్చింది, ఇక్కడా చేతులే.

ఎన్ఓసీ కావాలి. మేడం బతకాలి. రెండూ ఒకే కాగితం మీదికొచ్చి కూర్చున్నాయి.

ఆరు రోజులు టీ విరామాల్లో గీసింది. నుదురు వచ్చింది, కళ్లు వచ్చాయి, గడ్డం వచ్చింది. మధ్యలో తెల్లగా ఖాళీ. కిటికీ బయట దుమ్ముగాలి, ఆ దుమ్ములో రిఫైనరీ మంట ఒక్కటే ఎర్రగా ఊగుతోంది.

"ఏంటే, మూడ్రోజులుగా ముక్కు దగ్గరే ఆగావు?" అంది అదే గదిలో ఉండే తోటి నర్సు షాలిని.

"భయంగా ఉందే."

"మేడం మొహం చూస్తే మొత్తం వార్డుకే భయం. నీదేం ప్రత్యేకం కాదులే."

సుజిత పెన్సిలు చెక్కుకుంది. బుధవారం ముక్కు పెట్టింది. పెన్సిలు అక్కడ కాస్త ఎక్కువసేపే తిరిగింది. చుట్టి పట్టుకెళ్తే మేరాజ్ బేగం విప్పనివ్వలేదు. "గోడ మీదనే చూస్త" అని సంతకం గీకేసింది.

గురువారం నాలుగింటికి జెద్దాలో ప్రదర్శన హాలు తెరిచారు. అంతకుముందే, మూడింటికి, ఆసుపత్రి నుంచి షాలిని మెసేజ్: మేడంని లోపలికి తీసుకెళ్లారు. గంట పనన్నారు. నాలుగున్నరకి ఇంకోటి: ఇంకా బయటికి రాలేదు, రక్తం అడుగుతున్నారు. ఆ తర్వాత ఫోన్ మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

సుజిత తలెత్తి బొమ్మ వైపు చూసింది. మేరాజ్ బేగం మెడలో మల్లెల దండ.

"ఎవరు వేశారు?" సుజిత అరుపుకు హాలంతా తిరిగి చూసింది.

"నీకోసమే తెచ్చానే తల్లీ!" రాజ్యంగారు మిఠాయి డబ్బాతో పరుగెత్తుకొచ్చింది. "చేతులు ఖాళీ లేక ఒక్క నిమిషం మేకుకు తగిలించా, అది జారి..." అంటూనే తనేం చేసిందో కళ్లారా చూసి మిఠాయి డబ్బా కింద పెట్టేసింది.

సుజిత లాగితే దండ తెగింది. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో పువ్వూ ఏరింది. అదీ ప్రదర్శనలో భాగమే అనుకుని ఓ సౌదీ ఆవిడ, కాళ్లదాకా ఉన్న నల్లటి అబాయా సర్దుకుని పక్కనే కూర్చుని, ఎంతో మర్యాదగా తానూ ఏరింది.

ఏడింటికి షాలిని దొరికింది. "ఐసీయూలో ఉంచారే. ఏమీ చెప్పట్లేదు."

శుక్రవారం కూడా అదే మాట. బొమ్మ ముందు ఆగినవాళ్లలో ఓ పెద్దాయన మెల్లగా అడిగాడు, ఈవిడ పోయారా అని. సుజిత "లేదు" అంది. అవసరానికి మించి గట్టిగా అంది. ఆ తర్వాత షాలిని ఫోనూ రాలేదు, తను చేయడానికీ చెయ్యి ఆడలేదు.

శనివారం, ఆఖరి రోజు. గుమ్మం దగ్గర చక్రాల కుర్చీ కిర్రుమంది. వెనక నెడుతున్న షాలిని చెమటలు కక్కుతోంది. "డాక్టర్లు వద్దన్నా వినలేదే, నీకు చెప్పొద్దని నా ఫోన్ కూడా లాక్కుంది!"

కుర్చీలో పాలిపోయిన మేరాజ్ బేగం. పొట్ట ఒక చేత్తో పట్టుకుని, బొమ్మను కింది నుంచి పైదాకా చూసింది. చూసి, దుప్పట్లు సర్దించే ఆ పాత గొంతుతో అంది:

"అరే సుజితా! నా ముక్కు గింతుంటదా? దీంట్లకెళ్లి ఒంటె దూరి బయటికొస్తది!"

"ఊపిరి ఆడాలి కదా మేడం, చోటు కాస్త ఎక్కువే ఇచ్చాను."