పులికి గారెలు, ఎలుగుబంటికి సర్వపిండి

నా చిన్నప్పుడు, అంటే మూడో తరగతిలో, నా ప్రాణస్నేహితురాలిని క్లాసులో అందరి ముందూ దొంగ అన్నాను. అది దొంగిలించింది, నా లెక్కలో, మా అమ్మమ్మ కథని.

మేమప్పుడు నాంపల్లిలో ఒక పెంకుటింటి వెనక వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. నాన్నగారికి లక్డీకాపూల్‌లో ఉద్యోగం వస్తే కృష్ణా జిల్లా నుంచి వచ్చాం. మాతో అమ్మమ్మ కూడా వచ్చింది. ముందు వాటాలో ఇంటివాళ్ళు ఉండేవారు. ఆ ఇంటి అవ్వకి మనవరాలే నా స్నేహితురాలు. ఆబిడ్స్‌లోని బడికి ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్ళేవాళ్ళం.

బళ్ళో శనివారం చివరి పీరియడు కథలు చెప్పాలి. ఆ వారం మొదటి వంతు దానిది, రెండోది నాది. అది లేచి, "ఒక ముసలవ్వ ఉంటుండె. పొయ్యి ముట్టించింది. వాసన అడివి దాంక పోయింది" అనేసరికి దిగ్గున తలెత్తాను. వారం రోజులుగా నేను బట్టీ పట్టిన కథ అదే! ఇక ఆగలేక, "దొంగ! మా అమ్మమ్మ కథ ఎత్తుకుపోయింది!" అని అరిచేశాను. అది ఏడుస్తూ కూర్చుండిపోయింది. ఇంటికి వెళ్ళేటప్పుడు రోడ్డుకి ఒక పక్కన నేను, ఇంకో పక్కన అది, మధ్యలో రిక్షాలు.

ఇంటికొచ్చాక గొడవ పెద్దవాళ్ళకి అంటుకుంది. మా అమ్మమ్మ కథలో ముసలమ్మ గారెలు వండుతుంటే వాసనకి పులి వచ్చి తలుపు కొడుతుంది. ముసలమ్మ కాగే నూనెలోంచి తీసిన గారెని కిటికీలోంచి దాని నోట్లో పడేస్తుంది. నాలుక కాలి పులి పరారు. ఇంటివాళ్ళ అవ్వ కథలో వండేది బియ్యప్పిండి రొట్టె, అదే సర్వపిండి. వచ్చేది ఎలుగుబంటి.

"పులి గారెలు తింటదా? ఎవరన్న ఇంటే నవ్వుతరు" అంది అవ్వ.

"ఎలుగుబంటి రొట్టె తింటే మాత్రం నవ్వరు కాబోలు" అంది మా అమ్మమ్మ.

ఆ సాయంత్రం నుంచి ముందు వాటాకీ వెనక వాటాకీ మధ్య కరివేపాకు రాకపోకలు ఆగిపోయాయి. మా ఇంట్లో చారు కూడా ముఖం మాడ్చుకున్నట్టే ఉండేది.

మూడో రోజున పక్కింటి అక్క కల్పించుకుంది. ఆమె టీచరు ట్రైనింగు చదువుతూ, దొరికిన పిల్లలందరి మీదా పాఠాలు ప్రయోగించేది. వాకిట్లో ముగ్గుతో రెండు పెద్ద సున్నాలు గీసింది, ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కేలా. ఒకటి మా కథ, ఒకటి వాళ్ళ కథ.

"రెండు కథల్ల ఉన్నది నడుమ పెట్టున్రి. ఒక్కదాంట్లనే ఉన్నది దాని దిక్కు పెట్టున్రి. కొట్లాట తర్వాత" అంది.

పొయ్యికి గుర్తుగా నేను ఇటుక తెచ్చి నడుమ పెట్టాను. తలుపుకి గుర్తుగా అది పీట తెచ్చింది. వాసనకి ఏం తేవాలో తెలియక ముక్కు ఎగబీలుస్తూ తనే వెళ్ళి నడుమ నిలబడింది. "ఇగ ముసలమ్మ కావాలె" అని అక్క అరుగు వైపు చూసింది. చూడనట్టు చూస్తున్న అమ్మమ్మా అవ్వా, ముసలమ్మ ఎవరంటూ ఒక్కసారే విరుచుకుపడ్డారు. మూడు రోజుల్లో వాళ్ళిద్దరూ ఏకమైంది అప్పుడే.

నడుమ భాగం నిండిపోయింది. అప్పుడు అక్క అడిగింది: "మరి ఎలుగుబంటి ఎట్ల ఉరికింది?"

"ఉరకలే" అంది నా స్నేహితురాలు. "ముసలవ్వ సర్వపిండి సల్లార్చి దానికి పెట్టింది. ఎలుగుబంటి ఆమె ఇంట్లనే ఉండిపోయింది."

నేను తెల్లబోయాను. ఆ రోజు అరిచే తొందరలో కథ చివరిదాకా విననే లేదు.

ఎందుకిలా వేరయ్యాయని అక్క పెద్దవాళ్ళని అడిగింది. చిన్నతనంలో తమ ఇల్లు పొలాల మధ్య ఒంటరిగా ఉండేదనీ, పిల్లలు ఎవరికి పడితే వాళ్ళకి తలుపు తియ్యకూడదని తమ అమ్మ ఈ కథ చెప్పేదనీ అంది అమ్మమ్మ.

"మా ఇంటికొచ్చినోల్లను మేం ఎన్నడు వాపస్ పంపలే" అంది అవ్వ. "మీరు గూడ గట్లనే వచ్చిన్రు గద."

అమ్మమ్మ అవ్వ వైపు తిరిగింది. "అయితే ఆ ఎలుగుబంటి నేనేనంటారా వదినగారూ?"

"ఔ" అంది అవ్వ, నవ్వు ఆపుకోలేక. ఇద్దరి నవ్వులూ వీధిలోకి వినిపించాయి.

అరిచింది క్లాసులో కాబట్టి తప్పు ఒప్పుకోవడమూ క్లాసులోనే అని అక్క తేల్చింది. తర్వాతి శనివారం లేచి నిలబడి, అది దొంగ కాదని చెప్పాను. దాని కథ అది, నా కథ నేను పూర్తిగా చెప్పాం. ఇంటికి వెళ్ళేటప్పుడు అదే ముందుగా నా చెయ్యి పట్టుకుంది.

ఇప్పుడు నాకు అప్పటి అమ్మమ్మ కంటే వయసెక్కువ. మా పెళ్ళిచూపుల సంగతి మావారు నాకు గుర్తున్నట్టు చెప్పరు. అబద్ధమని అడ్డు తగలాలని ఇప్పటికీ నాలుక దురద పెడుతుంది. అయినా ప్రతిసారీ చివరిదాకా వింటాను. ఆయన కథలో నేను తలెత్తి ఆయన్ని చూసి నవ్వానట. నాకైతే గుర్తు లేదు. కానీ ఆ ముక్క వినకుండా మాత్రం అక్కణ్ణుంచి లేవను.