మా బావ కారు తలుపులు

మా బావ మీద నాకు అప్పుడూ గౌరవం లేదు, ఇప్పుడూ లేదు. గాజువాకలో ఉంటూ, స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో ఇసుక, కంకర తోలి నాలుగు రాళ్లు వెనకేసుకున్నాడు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. ఈయన పాత కారొకటి కొని, పోర్టులో ఎవరి దగ్గరో షిప్పు సరుకంటూ స్టీరియో, స్పీకర్లు కొన్నాడు. ముందు తలుపులకి కన్నాలు కొట్టించి స్పీకర్లు బిగించాడు. పాట పెడితే చాలు, తలుపు రేకులు గడగడలాడేవి.

రేకు అదరకుండా లోపల దట్టంగా ఏదైనా ఉండాలని ఎవరో చెప్పారట. తారు షీటో, రబ్బరు ముక్కో అంటిస్తే పోయేది. మహానుభావుడు జాలరిపేట వెళ్లి చిరిగిన వలలు మూట కట్టించుకొచ్చాడు. ఉప్పు కూడా వదలని ఆ వలల్ని నాలుగు తలుపుల్లోనూ కూరాడు. అద్దం దిగే చోటూ నిండిపోయింది. ఎత్తి ఉన్న అద్దాలు ఇక దిగలేదు.

మా అక్కకి కారెక్కితే కడుపులో తిప్పుతుంది. ముఖానికి గాలి తగలాలి. ఈ సంగతి ఆయనకి పెళ్లయినప్పటి నుంచీ తెలుసు.

"అద్దం దిగకపోతే నాను కూకోనేను," అంది అక్క.

"అద్దం దించితే సౌండంతా బయటికి పోద్ది. నీకేటి తెలుసు?" అని కసిరి, నా వైపు తిరిగాడు. "ఏటి బావా, బేసు అదిరిందా నేదా?"

బేసు సంగతేమో గాని, చేపల కంపు మాత్రం అదిరింది.

ఒక ఆదివారం యారాడ బయలుదేరదీశాడు. సముద్రం ఒడ్డున కాసేపు కూర్చోవాలని అక్కకి ఎన్నాళ్లుగానో ఆశ. అందుకే నిమ్మకాయ వాసన చూసుకుంటూ ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక కూర్చున్నాను. కొండ మలుపుల్లో అక్క ముఖం పాలిపోయింది. "ఆపండి, ఆపండి," అంటూనే ఉంది. పాట హోరులో ఆయనకి వినపడలేదో, వినదలచుకోలేదో! అక్క తలుపు మీదే వాంతి చేసుకుంది.

అప్పుడు ఆపాడు. గబగబా దిగి అటు వచ్చి, తలుపు తీసి, అక్క పమిట చెంగు లాక్కుని స్పీకరు తుడిచాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అక్క చెంగు విడిపించుకుని దిగింది.

"నువ్వు పాటలు ఇనుకుంటా రా. నాను గాలి పీల్చుకుంటా నడుత్తాను," అంది.

నేనూ దిగిపోయాను. ఇద్దరం కొండ దిగి సముద్రం చూసి, బస్సెక్కి ఇంటికొచ్చాం. అక్క మళ్లీ ఆ కారెక్కలేదు. ఎక్కమని ఆయన ఒక్కసారైనా అడగలేదు. పక్క సీటు ఖాళీగా ఉంటే పాట ఇంకా బాగా వినపడుతుందని మాత్రం ఊరందరికీ చెప్పుకునేవాడు.