గంగులమ్మ మల్లెపాది

చిత్తూరులో గంగులమ్మ పెరటి మల్లె కంటె పక్కింటి దేవకమ్మ మల్లె ఎక్కువగా విరగబూసేది. వీధి ఆడవాళ్లు మొగ్గల కోసం ఆ ఇంటికే వెళ్లడం గంగులమ్మకు కంటిలో నలుసుగా ఉండేది.

యుద్ధకాలపు ఆ వేసవిలో చైత్రమంతా చినుకు లేదు. వైశాఖంలో ఒకనాడు కుండపోతగా కురిసింది. దేవకమ్మ తడుస్తూనే పార పట్టి తన మల్లె చుట్టూ ఉన్న పాదికి గండి కొట్టింది.

"వచ్చిన నీళ్లను తోలేస్తా ఉండావే, నీకంత ఎక్కువైపోయినాయా?" అంది గంగులమ్మ గోడమీదుగా.

"కాగిన నేలక్కా. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లిపోతాది. నువ్వూ గండి కొట్టు."

తన చెట్టు ఎదగకూడదనే ఈ సలహా అనుకొంది గంగులమ్మ. పాదిగట్టును మరింత ఎత్తు చేసి, గోడ తూములోంచి వచ్చే దేవకమ్మ నీటిని కూడా తన మల్లెకే మళ్లించుకొంది.

వారం తిరిగేసరికి గంగులమ్మ మల్లె ఆకులన్నీ పండి రాలిపోయాయి. తన తెలివితక్కువతనానికి కాక, గోడ అవతలి పచ్చదనానికే ఆమె కళ్లు మండాయి.

అప్పుడు దేవకమ్మ వేళ్లూనిన అంటుకొమ్మను తెచ్చి ఇచ్చింది.

"మంచి కొమ్మేనా, పనికిరానిదా?"

"మంచిదే. నాటి చూడక్కా."

గంగులమ్మ దానిని నాటి, నీరు నిలవకుండా మొదలు చుట్టూ మట్టి ఎగదోసింది. తర్వాత మునివేళ్లపై లేచి, అవతల ఇంకా ఎన్ని మంచి కొమ్మలు మిగిలాయో చూసింది.