నశం డబ్బి

గోదావరిఖని బస్సుల నా పక్కన కూసున్నామె ఒళ్లె నశం డబ్బి ఉన్నది. మూత మీద ప్లాస్టిక్ కవరు, దానికి రబ్బరు బ్యాండు. బొగ్గు బాయిల పైకప్పు కూలి ఆమె పెనిమిటి లోపల చిక్కిండట.

"లోపల బీడి తాగనియ్యరు తమ్మి, గందుకే నశం. గాలి తగిల్తె ఘాటు పోతది, గట్లాంటిది ముట్టడు. పొద్దుగాల మర్శిపోయిండు. బయటికి రాంగనె ఇదే అడుగుతడు."

బొగ్గు లారీల ఎన్క బస్సు ఆగినప్పుడల్లా మూతను మళ్ల మళ్ల ఒత్తింది.

ఫోనొచ్చింది. విన్నది. "సరె" అని పెట్టేసింది. మూత తీసి, డబ్బిని కిటికీల వంచింది. గాలికి పొడి బస్సంత లేసింది. అందరం తుమ్మినం, అందరి కండ్లల్ల నీళ్లే.

ఆమె ఖాళీ డబ్బికి మూత పెట్టి, మళ్ల రబ్బరు బ్యాండు గట్టిగ చుట్టింది.