ఆరు గుటకల పాట

మా జిల్లాలో ర్యాప్ పాడే ముగ్గురు కుర్రాళ్ళ మీద ఒక డాక్యుమెంటరీ సినిమా తీశారు. సోంపేటలో కొబ్బరిపీచు షెడ్డులో మొదలైన జట్టు విశాఖ, హైదరాబాదు వేదికల దాకా ఎలా వెళ్ళిందో అందులో చూపించారు. ముగ్గురిలో పెద్దవాడు అంతకుముందు ఆటో తోలేవాడు. రెండేళ్ళపాటు నా భార్యను, తోడుగా నన్నూ రోజు విడిచి రోజు పలాసలో డయాలసిస్‌కు తీసుకెళ్ళింది అతనే. అందుకని దర్శకురాలు మా ఇంటికీ, అదే ఆటోలో వచ్చే మరో ఇద్దరు ఆడవాళ్ళ ఇళ్ళకూ కూడా కెమెరా తెచ్చింది. కుర్రాడు మంచివాడని, వేళ తప్పేవాడు కాదని చెప్పాను. ఆ రోజు నేను చెప్పింది అంతే.

సినిమా పూర్తయ్యాక, అందులో మాట్లాడినవాళ్ళందరికీ ముందుగా చూడమని ఫోన్లకు పంపారు. మధ్యలో ఒక చోట అతను బారువ దగ్గర ఇసుకలో కూర్చుని, తమకు పేరు తెచ్చిన పాట ఎలా పుట్టిందో చెప్తాడు. తండ్రి వేటకెళ్ళిన పడవలో నీళ్ళు అయిపోయాయట. ఆరు గుటకలతో ఒక రోజంతా గడిపాడట. అది తలుచుకుంటూ ఒక ఉదయం అలల ముందు కూర్చుంటే మాటలు వాటంతట అవే వచ్చాయట.

ఫోను పక్కన పెట్టి, మేడ మీది ట్రంకుపెట్టె దింపాను.

చిన్న స్టేషన్లలో రైళ్ళ రాకపోకలు రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. డైరీ రాయని రోజు లేదు. నా భార్యకు కిడ్నీలు పాడయ్యాక డైరీ పేజీలో రెండు గళ్ళు కొత్తగా గీశాను. ఒకదానిలో ఆమె తాగిన నీళ్ళు, రెండోదానిలో ఆమె అన్న మాటలు. డాక్టరు చెప్పిన కొలతకు మించి ఒక్క చుక్క కూడా పోసేవాణ్ణి కాను. ఆ కొద్ది నీళ్ళను ఆమె ఆరు గుటకలుగా పంచుకునేది. నన్ను తిట్టడానికి ఓపిక లేక పాట కట్టేది. ఆటోలో టిఫిను డబ్బా మూత మీద వేళ్ళతో దరువేస్తూ పాడేది. మాతోపాటు డయాలసిస్‌కు వచ్చే ఆడవాళ్ళు వంత అందుకునేవారు.

పొద్దుటికి రెండు గుటకలు, మద్దేనానికి రెండు,
మిగిలిన రెండూ మాత్తర్లకి, నాకేటి మిగిలిందే? గుండు!
ఇంటెనకాల సవుద్రవంత నీలు,
ఇంట్లో మావ సేతిలో కొలత గళాసు.

ఆ మావను నేనే.

ఆమె పోయిన మూడేళ్ళకు ఈ పాట అతని గొంతులో అందరి ఫోన్లలోనూ మోగింది. నాకు కోపం రాలేదు. ఆమె మాటలు బతికాయనుకున్నాను. ఎవరివో ఎప్పుడో ఒకప్పుడు చెప్తాడులే అనుకుని ఊరుకున్నాను. ర్యాప్‌లో ఎవరి బతుకు వాళ్ళే చెప్పుకోవాలని, అదే ఆ పాటకు పరువని కెమెరా తెచ్చిన రోజు దర్శకురాలు నాకు వివరించింది. అతను చెప్పుకున్నది నా భార్య దాహం.

తొమ్మిది రోజులు కూర్చుని రెండేళ్ళ డైరీలూ తిరగేశాను. పాట ముక్కలున్న ప్రతి పేజీలో కాగితం పెట్టాను. మా ఆటోలో వచ్చేవాళ్ళలో ఇంకా బతికి ఉన్న ఇద్దరు ఆడవాళ్ళకూ ఫోన్ చేసి, పలాసలో సినిమా వేసే ఆదివారం ఉదయం తప్పకుండా రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు.

కల్యాణమండపం నిండిపోయింది. సినిమా అయ్యాక ప్రశ్నలడగమన్నారు. నేను లేచాను. అతను నన్ను గుర్తుపట్టి చేతులు జోడించాడు.

"మాస్టారూ! కూకోనడగండి, నిలబడకండి."

"నిలబడే అడుగుతాను. పడవలో నీళ్ళయిపోయాయన్నావు. ఆ పడవలో మాత్తర్లు ఎవరికయ్యా, పూట పూటకీ?"

అతను నవ్వాడు. "అంటే... మా అయ్యకి అప్పుడు జొరం మాస్టారూ."

"జ్వరంతో వేటకెళ్ళాడా?"

నా వెనక వరసలోంచి ఆ ఇద్దరిలో పెద్దావిడ గొంతు లేచింది. "ఓరి నా బావా! మీ అయ్యకి సేతిలో కొలత గళాసట్టుకున్న మావెవడ్రా?"

జనం గొల్లుమన్నారు. ఆమె ఆగలేదు.

"రెండో సరణం పాడవేటి? మరిసిపోనావా? నాను పాడతానుండు." ఆమె ముందు కుర్చీ వీపు మీద వేళ్ళతో దరువేసింది. పక్కావిడ వంత అందుకుంది.

ఆటోవోడి జుట్టు సూడు, అద్దంలోనే ఉంటాడు,
గోతిలోన మనల్నేసి పాటలోన ఉంటాడు!

ఆ చరణం కూడా నా డైరీలో ఉంది. అతనికి వినబడాలనే నా భార్య గట్టిగా పాడేది. అతను అద్దంలోంచి "నీకు దండవెడతానత్తా, నా జుట్టు జోలికి రాకే" అనేవాడు. ఆ మాటా రాసుకున్నాను. ఇప్పుడు అతని చేయి దానంతటదే జుట్టు మీదికి వెళ్ళింది. హాలంతా చూసింది. సంచిలోని డైరీలు తీయాల్సిన పని లేకపోయింది. అయినా తీశాను. కాగితాలు పెట్టిన పేజీలు ఒక్కొక్కటీ దర్శకురాలి ముందు తెరిచి పెట్టాను.

మంగళవారం ఉదయం దర్శకురాలూ అతనూ మా ఇంటికి వచ్చారు. పాట కింద 'ఉద్దానం జానపదం' అని వేస్తామంది దర్శకురాలు.

"జానపదం నాతో కాపురం చెయ్యలేదమ్మా," అన్నాను. "చేసినావిడకు పేరుంది."

పేరు రాసిచ్చాను. అతను అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు.

"తప్పే మాస్టారూ. స్టేజీ మీద అందరూ సొంత కత అడుగుతుంటే నోటికొచ్చిందనేసినాను. అత్తంటే నాకు పేణవండి. పేరెయ్యండి, పెద్దచ్చరాల్తో ఎయ్యండి. ఆ ఇసకలో కూకున్న సీనొక్కటీ తీయించీండి. మా అయ్య సూత్తే సచ్చిపోతాడు, ఆడి పడవలో నీలెప్పుడూ అయిపోనేదు."

తీసేయడానికి దర్శకురాలు సిద్ధంగానే ఉంది. ఆమె నా మొహంలోకే చూస్తోంది.

ఆ రెండేళ్ళలో ఏడో గుటక కోసం నా భార్య నన్ను అడగని రోజు లేదు. ఒక్కసారి కూడా ఇవ్వలేదు. ఆమెకే ఇవ్వనివాణ్ణి, ఇతనికి ఏం ఇస్తాను?

"సీను ఉండాలి," అన్నాను. "అతను అలల ముందు కూర్చుని ఆ మాటలు చెప్తున్నంతసేపూ, కింద 'ఈ పాట కట్టింది ఈమె' అని ఆమె పేరు ఉండాలి. లేకపోతే నా మొహం, నా గొంతు మొత్తం తీసేయండి. ఆ ఇద్దరు ఆడవాళ్ళవీ, మా ఆటో కబుర్లూ కూడా."

అతను లేచి, చెప్పులు వేసుకోకుండానే గుమ్మం దిగి, మళ్ళీ వచ్చి వేసుకున్నాడు. దర్శకురాలు ఒప్పుకుంది.

ఆమె పేరు ఉండాల్సిన ఆ సీను నలభై సెకన్లు. గడియారం పెట్టి మూడుసార్లు చూసి రాసుకున్నాను. వచ్చే నెల విశాఖలో వేస్తున్నారు. మొదటి వరసలో కూర్చుంటాను, గడియారంతో.